దీపం పెట్టే గది

మా వీధిలో నాకు మతి తప్పిందని అందరికంటే ముందు కనిపెట్టినవాడు బాలస్వామి. ఎదురింట్లో ఉంటాడు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు కాబట్టి ఎదుటివాడి నష్టాన్ని దూరం నుంచే పసిగడతాడు. నేను నా పాత బొలెరో వెనక తుప్పుపట్టిన డబ్బా ట్రైలర్ ఒకటి తగిలించుకుని తార్నాకలో మా సందులోకి తిరిగాను. దాన్ని వెనక్కి తీయడం చేతగాక, ఆటోవాళ్ళూ కూరగాయల బండావిడా చెప్పినట్టల్లా స్టీరింగు తిప్పి, చివరికి ఇంటిముందు అడ్డంగా ఆపేశాను. ఆయన గేటు మీద మోచేతులు ఆనించి మొత్తం చూశాడు.

"ఏంది ఉమాపతి సార్, టిఫిన్ బండి పెడుతున్నరా?" అన్నాడు.

కాదనీ, దాన్నొక చిన్న ఇల్లులా మార్చుకుని ఊళ్ళు తిరుగుతాననీ చెప్పాను. అంతకంటే టిఫిన్ బండే నయం కదా అన్నట్టు మొహం పెట్టాడు. మర్నాడు యూనివర్సిటీ క్యాంపస్‌లో నడకకు వెళితే, ఆర్ట్స్ కాలేజీ ముందు రోజూ పలకరించే పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి పెసరట్టు ఉంటుందా, ఇడ్లీ మాత్రమేనా అని అడిగారు.

నిజానికి నాకు ఊళ్ళు తిరగాలన్న కోరిక ఏనాడూ లేదు. కొండలెక్కే బండి కొని దాంట్లో రైతుబజారుకు వెళ్ళొస్తానని మా ఆవిడ విజయశ్రీ తనున్నన్నాళ్ళూ నన్ను ఆటపట్టించేది. ట్రైలర్ కొన్న కారణం వేరు. అది బాలస్వామికి చెప్పగలిగింది కాదు. ఎవరికోసం కొన్నానో ఆవిడకు అసలే చెప్పలేను.

ఆవిడ మా అత్తమ్మ.

విజయశ్రీ పోయి కొన్నేళ్ళయింది. అప్పటికే వాళ్ళమ్మ మాతో ఉండేది. కూతురు పోయాక ఆవిడ వెళ్తాననలేదు, నేను వెళ్ళమనలేదు. అది మేమిద్దరం మాట్లాడుకుని చేసుకున్న ఏర్పాటు కాదు. మాకు మాట్లాడుకోవడమే లేదు. మాది జమ్మలమడుగు వైపు. మా ఇళ్ళల్లో ఆ తరం అత్తలు అల్లుడి ఎదుట కూర్చోరు, నేరుగా పలకరించరు. ఏం చెప్పాలన్నా మధ్యన కూతురుండాలి. పెళ్ళయిన నాటి నుంచీ విజయశ్రీ మీదుగా నడిచిన మా మాటలకు ఆమె పోయాక దారి లేకుండా పోయింది.

వేరే దారులు వెతుక్కున్నాం. అత్తమ్మ కుక్కరుతో చెబుతుంది: అన్నం అయిందనీ, ఆకలైనోళ్ళు వేడిమీద తింటే మంచిదనీ. నేను పేపరుకేసి చూస్తూ పేపరుతోనే అంటాను: ఇవాళ ఎండ ముదురుతుందట, మేడ మీద వడియాలు పెట్టేవాళ్ళు పెందలాడే దిగితే నయమని. కుక్కరూ పేపరూ మంచివి, ఒక్కనాడూ మాట తప్పుగా చేరవేయలేదు. ఎండాకాలం సాయంత్రాల్లో నా గది గుమ్మం పక్కన మూతపెట్టిన మజ్జిగ గ్లాసు ఉంటుంది. ఎవరు పెట్టారని నేను అడగను. ఇంట్లో బాత్రూం ఒక్కటే. అత్తమ్మ నిద్రలేచే వేళకు నేను క్యాంపస్‌లో ఉంటాను. వానలో కూడా నడక మానని నా ఆరోగ్య నియమాన్ని మా డాక్టరు మెచ్చుకుంటాడు. నేను కాదనను.

అత్తమ్మకు ఒక్కతే చెల్లెలు, ఓబులమ్మ. జమ్మలమడుగులో ఉంటుంది. ఇద్దరూ రోజూ సాయంత్రం ఫోన్లో మాట్లాడుకుంటారు. ఇద్దరికీ చెవులు మందం కాబట్టి స్పీకరు పెడతారు, కాబట్టి నాకే కాదు బాలస్వామికి కూడా వినిపిస్తుంది. ఓబులమ్మకు కంటి నరం దెబ్బతింటోంది. పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమనీ డాక్టర్లు తేల్చారు. ఆవిడ ఒకరోజు ఏడవకుండా, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా అంది: "అక్కా, పూర్తిగా చీకటి పడకముందే ఒకసారొచ్చి నీ మొగం చూపిచ్చి పో."

అత్తమ్మ వస్తాలే అంది, మోకాలు కొంచెం తగ్గనీ అంది. ఫోన్ పెట్టేశాక దాని అద్దాన్ని చీరకొంగుతో చాలాసేపు తుడుస్తూ కూర్చుంది.

మర్నాడు నేను పేపరుతో, బొలెరో ఊరికే పడుంది, తోలేవాడికి కూడా పనేమీ లేదు అన్నాను. అత్తమ్మ కుక్కరుతో మోకాలి సంగతే మళ్ళీ చెప్పింది. అదే మోకాలితో ఆవిడ రోజుకు రెండుసార్లు మేడెక్కి దిగుతుంది. నాకు అర్థం కాలేదు. రాళ్ళు చూసి అవి ఏ కాలంలో ఏ ఒత్తిడికి అలా వంగాయో చెప్పగలిగే శాఖలో పనిచేశాను కానీ, ఇంట్లో మనిషి ఎందుకు రానంటోందో చెప్పడానికి బెంగళూరు నుంచి మా అమ్మాయి సాహితి ఫోన్ చేయవలసి వచ్చింది.

మోకాలు కాదు నాన్నా, అంది సాహితి. అమ్మమ్మ ప్రయాణమంటే ముందురోజు మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగడం మానేస్తుందట. రైల్లోనైనా, దారిలో హోటళ్ళలోనైనా, తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి ఎవరో ఒకరు ఎదురుచూస్తూ నిలబడి ఉంటారు, వాళ్ళ కళ్ళలో పడలేనని మనవరాలితో చెప్పిందట.

"కార్లో అయితే ఎక్కడైనా ఆపుకోవచ్చు కదా" అన్నాను.

"ఆపమని నీకు చెప్పాలి కదా నాన్నా" అంది సాహితి. "అదీ అసలు సంగతి."

అప్పుడు గుర్తొచ్చింది. విజయశ్రీ సంవత్సరీకానికి జమ్మలమడుగు వెళ్ళినప్పుడు అత్తమ్మ చెల్లెలి గుమ్మంలోనే కళ్ళు తిరిగి పడిపోయింది. సెలైన్ ఎక్కించారు. నేను మంచం పక్కన నిలబడి, గోడతో, ఎండలో ప్రయాణాలు చేసేవాళ్ళు నీళ్ళు బాగా తాగాలని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఉప్పు, పంచదార పాళ్ళు కూడా చెప్పాను. ఆవిడ సెలైన్ సీసా వైపు చూస్తూ మొత్తం ఓపిగ్గా విన్నది.

ఆ వారమే మా పాత శాఖలో పనికిరాని సామాను వేలం వేశారు. నేను అక్కడి రాళ్ళ మ్యూజియంలో పనిచేసి రిటైరయ్యాను. పిల్లలు కొండల్లోకి ఫీల్డుకు వెళ్ళినప్పుడు గుడారాలూ, స్టవ్వులూ, సుత్తులూ ఆ ట్రైలర్లో వెళ్ళేవి, తిరిగొచ్చేటప్పుడు రాళ్ళొచ్చేవి. దాన్ని చూడగానే నాకు ఆలోచన తట్టింది. పాట పాడింది నేనొక్కణ్ణే. పాత ఇనుం కొనేవాడు కూడా జాలిగా చూసి తప్పుకున్నాడు.

ఇంటిముందు పెట్టుకుంటే బాలస్వామి రోజూ మెనూ అడుగుతాడని, పని కోసం దాన్ని మాణికేశ్వర్ నగర్‌లో ఇన్నయ్య షెడ్డుకు తీసుకెళ్ళాను. క్యాంపస్ గోడకు ఆనుకుని ఉంటుంది. ఇన్నయ్య లాలాగూడ వర్క్‌షాపులో రైలు పెట్టెలకు చెక్కపని చేసి రిటైరైన మనిషి. నడిచే ఇల్లంటే ఆయనకు రైలుపెట్టె ఒక్కటే. నేను ఒక మంచం చాలన్నాను. కింద బెర్తు పెడితే పైన బెర్తు పెట్టకుండా ఆయన చేతులు ఊరుకోలేదు. గొలుసులతో వేలాడే పై బెర్తు, పైకెత్తే కిటికీ చెక్కలు, మడిచే బల్ల, టోపీలు తగిలించుకునే కొక్కేలు అన్నీ వచ్చాయి. నాకు టోపీ లేదు. కప్పు లేపి మనిషి నిలబడేంత ఎత్తు చేశాడు. ఎక్కడానికి మెట్లూ, పట్టుకోవడానికి అటూ ఇటూ కడ్డీలూ పెట్టాడు. నేను ప్రతిదానికీ బాగుందంటూ వచ్చాను. అసలు గది సంగతి చెప్పాల్సిన రోజు వచ్చేసరికి నాలుక తిరగలేదు.

మా అత్తమ్మ గురించి, పరాయి మగవాడితో, ఆ మాట ఎలా అనడం? గొంతు సవరించుకుని, ఒక పెద్దావిడ కోసం మూలన చిన్న గది కావాలన్నాను. బయటివాళ్ళకు కనిపించకూడదు, లోపల గడియ ఉండాలి, గాలి పోవడానికి పైన చిన్న కిటికీ ఉండాలి అన్నాను. ఆవిడ కింద కూర్చోలేదు కాబట్టి ఎత్తుగా పీటలాంటిది కావాలన్నాను. నీళ్ళు చేతికందాలన్నాను. పొద్దున్నే వెళ్తుంది, ఎవరూ చూడకుండా కాసేపు ప్రశాంతంగా ఉండాలి అని ముగించి చెమట తుడుచుకున్నాను.

"సమజైంది సార్" అన్నాడు ఇన్నయ్య, చాలా మర్యాదగా. "మా అమ్మ గూడ గట్లనే. పొద్దుగాల అది అయితే గాని చాయ్ గూడ ముట్టకపోయేది."

అంతే అంతే అన్నాను.

"అయినంక మనసు ఎంత తేలికయితదో" అన్నాడు.

అవునన్నాను. ఇంత నాజూకుగా మాట్లాడే మనిషి దొరకడం నా అదృష్టమనుకున్నాను. మొహం ఏ దిక్కుకుండాలి అని అడిగాడు. చక్రాల బండికి దిక్కులేమిటి, ఎటైనా ఫర్వాలేదన్నాను. ఆయన నొచ్చుకున్నాడు, అట్లా అనొద్దన్నాడు, కనీసం బండి ఆపినప్పుడైనా తూర్పుకు వచ్చేట్టు చూస్తానన్నాడు. వాస్తువాళ్ళు దీన్ని కూడా వదల్లేదు కాబోలనుకున్నాను. చెంబు చాలా, బకెట్ కూడా ఉండాలా అన్నాడు. రెండూ అన్నాను.

"మస్తు నిష్ఠ సార్ అమ్మది" అన్నాడు.

నిష్ఠ అన్నమాట అక్కడ కొంచెం ఎక్కువేమో అనిపించింది. అదీ నాజూకులో భాగమే అని సరిపెట్టుకున్నాను.

పని జరిగినన్నాళ్ళూ ఆ మూలకు గోనెపట్టా కట్టి ఉంచాడు. అయ్యాకనే చూపిస్తానన్నాడు. పూర్తయిందని కబురొచ్చిన రోజు వెళ్ళేసరికి ఆయన భార్య సారలమ్మ కూడా కొత్తచీర కట్టుకుని, మెట్ల ముందు ముగ్గేసి ఉంది. ఇలాంటి గదికి ముగ్గేయడం కొంచెం విడ్డూరంగానే అనిపించింది కానీ, కొత్త పని కదా అనుకున్నాను. ఇన్నయ్య చెప్పులు విడిచి లోపలికెక్కి పట్టా తొలగించాడు.

టేకు తలుపులు. వాటిమీద చెక్కిన తామరలు. తామరల మధ్య గళ్ళలో వరసగా చిన్న చిన్న ఇత్తడి గంటలు. ఇన్నయ్య తలుపు తీస్తే అవన్నీ ఒక్కసారిగా మోగాయి. లోపల ఎత్తుపీట. దానికెదురుగా అరలో పూలదండ వేసిన వెంకటేశ్వరస్వామి పటం. పటం ముందు దీపం వెలుగుతోంది. పక్కన కుళాయి. రైలు అలవాటు పోక, ఇత్తడి చెంబును గొలుసుతో కుళాయికి కట్టేశాడు.

"అమ్మ కింద కూసోలేదన్నరు గదా" అన్నాడు ఇన్నయ్య, "పీట మీద కూసోని పూజ చేసుకునేటట్టు పెట్టిన. పైన కిటికీల నుంచి దీపం పొగ పోతది."

నా చేతులు వాటంతటవే దణ్ణం పెట్టాయి. సారలమ్మ హారతి పళ్ళెం తెస్తే కళ్ళకద్దుకున్నాను. చాలా బాగుందన్నాను. నిజంగానే చాలా బాగుంది. నేను చెప్పినవాటిలో ఒక్కటీ తగ్గలేదు: మూల, గడియ, గాలి, నీళ్ళు, ఎత్తు, ఏకాంతం. పేరొక్కటే నేను చెప్పలేదు. ఉద్యోగమంతా చేసింది రాళ్ళకు పేర్లు రాసి అంటించడం. ఒకే రంగులో ఉన్న రెండు రాళ్ళను తారుమారు చేస్తే పిల్లల్ని మందలించేవాణ్ణి. ఒక గదికి పేరు చెప్పాల్సి వస్తే చెప్పలేక, గుడి కట్టించుకుని, హారతి తీసుకుని ఇంటికొచ్చాను.

ఇక ఏం చేయడానికీ తోచలేదు. దేవుణ్ణి లేపి అక్కడ ఆ పని ఎవరు మొదలుపెడతారు? ఇంకో గదికి ట్రైలర్లో చోటులేదు. ఆ సాయంత్రం స్పీకర్లో ఓబులమ్మ, టీవీలో మనుషులు గొంతులుగానే తెలుస్తున్నారక్కా అంటోంది. నేను మేడ మీదకెళ్ళి సాహితికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. అది ఎంతసేపు నవ్విందంటే, లైను కట్టయిందనుకుని నేను రెండుసార్లు హలో అన్నాను. తర్వాత అది వాళ్ళ అమ్మమ్మకు చేసుంటుంది. ఏం చెప్పిందో, ఎంతవరకు చెప్పిందో నాకు తెలియదు.

పొద్దున నేను నడక నుంచి వచ్చేసరికి అత్తమ్మ బయటికెళ్ళే చీర కట్టుకుని, చేతికర్ర పట్టుకుని, స్టవ్వు ముందు నిలబడి ఉంది. "గుడి కట్టినారంట" అంది కుక్కరుతో. "చూసిరావాల."

షెడ్డు దగ్గర ఆవిడ కడ్డీలు పట్టుకుని మెట్లెక్కింది. అవి సరిగ్గా ఆవిడ చేతుల ఎత్తుకే ఉన్నాయి. లోపలికెళ్ళి, ముందు స్వామికి దణ్ణం పెట్టుకుంది. తర్వాత గడియ చూసింది. పైన కిటికీ చూసింది. పీట ఎత్తు చేత్తో కొలిచింది. కుళాయి తిప్పింది. అన్నీ చూసి, మెల్లగా తలతిప్పి నావైపు చూసింది. నేను కప్పుకేసి చూస్తూ బెర్తు గొలుసుల్ని పరీక్షించాను.

అత్తమ్మ సారలమ్మను లోపలికి పిలిచి తలుపేసుకుంది. గంటలు మోగి సద్దుమణిగాయి. ఇన్నయ్య, అమ్మకు నచ్చినట్టున్నది, మంత్రం చదువుతున్నరు అన్నాడు. నిజమే, లోపల గుసగుసలు వినిపిస్తున్నాయి. కాసేపటికి అవి ఆగిపోయి నవ్వులు మొదలయ్యాయి. ఇద్దరూ నవ్వుతున్నారు. విజయశ్రీ పోయాక అత్తమ్మ నవ్వు వినడం అదే మొదలు. కూతురి నవ్వు తల్లిదేనని నేను ఆ రోజే గమనించాను.

సారలమ్మ కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చి మొగుడి ముందు నిలబడింది.

"ఓ అయ్యా, ఇది దేవుని గది కాదు. పెద్దమ్మ తొవ్వల బయటికి పోనీకి జాగ అడిగిన్రు. నువ్వు గుడి కట్టినవ్."

ఇన్నయ్య చెక్కలపై కూలబడ్డాడు. "దీపం గూడ ముట్టిచ్చినం గదనే" అన్నాడు. తర్వాత నావైపు తిరిగాడు. కోపం కాదు, అంతకంటే కష్టమైనది ఆ మొహంలో ఉంది. "సార్, లెట్రిన్ అని ఒక్క మాటంటే అయిపోతుండె గదా. వర్క్‌షాపుల గూడ అది మా సెక్షన్ కాదు, నాకెట్ల తెలుస్తది?"

పటాన్ని తాను ముట్టనన్నాడు ఇన్నయ్య. పంతుల్ని అడగాలన్నాడు, మంచిరోజు చూడాలన్నాడు, ఆ తర్వాత కూడా ఆ జాగాలో అట్లాంటిది పెట్టడానికి తనకు చేతులు రావన్నాడు. సారలమ్మ కూడా నవ్వు ఆపి ఆలోచనలో పడింది. నేను అలవాటు చొప్పున చూపు ఆనించడానికి ఒక పేపరు కోసం వెతికాను. షెడ్డులో పేపరు లేదు.

అప్పుడు గంటలు మళ్ళీ మోగాయి. అత్తమ్మ బయటికొచ్చింది. పటాన్ని దండతో సహా కొంగులో పొదువుకుని, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుని ఉంది. దీపం అప్పటికే కొండెక్కించినట్టుంది. వచ్చి సరిగ్గా నా ఎదుట నిలబడింది. కుక్కరు లేదు, స్టవ్వు లేదు, గోడ వైపు తిరగలేదు. నా మొహంలోకి చూసింది.

"దేవునికి యాడైనా సరిపోతాది నాయనా" అంది. "నాకే సరిపోదు."

పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆవిడ నాతో అన్న మొదటి మాట అది. పటాన్ని నా చేతుల్లో పెట్టింది.

"కిటికీ కాడ పెట్టు. దావలో ఊళ్ళు చూస్తాడు."

అట్లాగే అత్తమ్మా అన్నాను. ఇంకేమైనా అనాల్సిందేమో. పటాన్ని కింద బెర్తు పక్కన, కిటికీ దగ్గర పెట్టాను. ఇన్నయ్య లేచి వచ్చి, కదలకుండా పటానికి అటూ ఇటూ చెక్క కొట్టాడు. కొట్టాక ఒకసారి వెనక్కి జరిగి చూసి, విండో సీటు సార్ అన్నాడు. ఆ మాటతో ఆయన మనసు కొంత కుదుటపడ్డట్టు నాకు తెలిసింది.

మిగతా పనికి ఎక్కువ రోజులు పట్టలేదు. రోగుల కోసం అమ్మే కమోడ్ కుర్చీ ఒకటి మందుల షాపు నుంచి తెచ్చాను. ఈసారి షాపువాడితో పేరు పెట్టి, గట్టిగా అడిగాను. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. ఇన్నయ్య పీట మధ్యలో కోసి దాన్ని బిగించాడు. పీటను ఆయన పూజకని పెట్టిన ఎత్తు దీనికి అచ్చంగా సరిపోయింది. వాసన రాకుండా కింది బకెట్‌లో చల్లడానికి తన షెడ్డులోని రంపపు పొట్టు బస్తాడు ఇచ్చాడు.

గంటలొక్కటే మిగిలాయి. గదిలోకి వెళ్ళినట్టు ప్రపంచంలో ఎవరికీ తెలియకూడదనుకునే మనిషికి, తీసినా వేసినా ఊరంతా వినిపించే తలుపు దొరికింది. పీకేద్దామంటే తలుపు బోడిగా కనపడతదని ఇన్నయ్య ఒప్పుకోలేదు. చివరికి నేనే పట్టకారు తీసుకుని గంటల నాలుకలు ఒక్కొక్కటే ఊడదీశాను. తలుపు మెల్లగా కదిపి చూశాను, చప్పుడు లేదు. ఆ రోజంతా నామీద నాకు చాలా గౌరవం కలిగింది.

బయలుదేరే రోజు పొద్దున నేను ఇంటికొచ్చేసరికి అత్తమ్మ సిద్ధంగా ఉంది. కాఫీ ఇచ్చింది. తర్వాత పెద్ద స్టీలు గ్లాసులో నీళ్ళు ముంచుకుని, నేను చూస్తుండగానే, నిలబడి, గ్లాసు ఎత్తి మొత్తం తాగింది. ఖాళీ గ్లాసు బోర్లించింది. అంతకుముందు ఎవరైనా నాకు ఇంత నమ్మకం చూపించారేమో గుర్తుచేసుకోబోయాను. ఎఫ్‌డీ వేయడానికి వెళ్ళిన రోజు బ్యాంకులో బాలస్వామి కూడా నా సంతకాన్ని ఇంతగా నమ్మలేదు.

క్యాంపస్ మీదుగా వెళదామని తీసుకెళ్ళాను. ఎండ ఇంకా పదునెక్కలేదు. ట్రైలర్ వెనక నెమ్మదిగా ఊగుతూ వస్తోంది. వెనక సీట్లో అత్తమ్మ కిటికీలోంచి చెట్లను చూస్తోంది. ఆర్ట్స్ కాలేజీ ఇంకా కనుమరుగు కాలేదు, గ్లాసు నీళ్ళు తమ పని మొదలుపెట్టినట్టున్నాయి. అద్దంలో చూస్తే ఆవిడ కొంగును వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది. నేను ఆపితే అడగకముందే తెలిసిపోయినట్టవుతుంది. ఆపకపోతే ఆవిడ అడగాలి. ఇంతదూరం వచ్చి ఈ ఒక్క మాట దగ్గర మళ్ళీ ఇరుక్కున్నాం. గది కట్టించాను కానీ అక్కడికి వెళ్ళడానికి మాట కట్టించలేదు.

"నాయనా" అంది అత్తమ్మ. "కొంచెం ఆపు. దీపం పెట్టాల."

ఆపాను. ఆవిడ దిగి, కడ్డీలు పట్టుకుని మెట్లెక్కి లోపలికెళ్ళింది. నేను దూరంగా వెళ్ళి రోడ్డు పక్కన ఉన్న గ్రానైట్ బండ ముందు నిలబడి, దాన్ని జీవితంలో మొదటిసారి చూస్తున్నవాడిలా చూశాను. అప్పుడు వెనక సన్నగా, స్పష్టంగా, ఒక గంట మోగింది. ఒక్కటి. ఊడదీసిన నాలుకల్లో ఒకటి తప్పిపోయిందన్నమాట, లెక్కల్లో నేనెప్పుడూ గట్టివాణ్ణి కాదు.

ఆ గంట నాకు మాత్రమే వినపడి ఉంటే బాగుండేది. నడకకు వచ్చిన బాలస్వామి అటుగా వస్తూ ఆగిపోయాడు. ట్రైలర్ను చూశాడు, నన్ను చూశాడు.

"పూజ నడుస్తుందా సార్?" అన్నాడు గొంతు తగ్గించి.

బండిలో స్వామి ఉన్నమాట నిజమే. అత్తమ్మ దీపం పెడతానన్నదీ నిజమే. అవునన్నాను. ఆయన బూట్లు విప్పి పక్కన పెట్టి, ట్రైలర్ వైపు తిరిగి, చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాడు. టిఫిన్ బండని అన్నందుకు మనసులో లెంపలు వేసుకుంటున్నాడేమో, పెదవులు కదులుతున్నాయి. నేను ఆయన్ని ఆపలేదు. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నాడు కాబట్టి, గంట రెండోసారి మోగి అత్తమ్మ మెట్లు దిగి వచ్చేటప్పుడు, ఎదురుగా నిలబడి కూడా ఆయన ఆవిడను చూడలేదు. అత్తమ్మ ఆయన్ని చూసింది. జోడించిన చేతులు చూసింది. ఆవిడ మొహంలో నవ్వు ఒకటి పుట్టి, పళ్ళ మధ్య అణిగిపోయింది. సంచిలోంచి అరటిపండు తీసి నా చేతికిచ్చి, ఆయనకిమ్మన్నట్టు సైగచేసింది.

బాలస్వామి రెండు చేతులతో అందుకుని కళ్ళకద్దుకున్నాడు.

బండి ఎక్కాక అత్తమ్మ సీట్లో సర్దుకుని కూర్చుంది. "ఓబులమ్మకు ఫోన్ కలిపి ఇయ్యి నాయనా, సాయంత్రానికి మొగం కడుక్కోని ఉండమని చెప్పాల" అంది. కలిపి ఇచ్చాను. స్పీకర్లో చెల్లెలు నిజమేనా అక్కా, నిజమేనా అని అడుగుతూనే ఉంది. అత్తమ్మ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చెయ్యి ముందుకు చాచి నీళ్ళ బాటిల్ అడిగింది. ఇచ్చాను. మూత తీసి, ఎత్తి, సగం బాటిల్ గటగటా తాగింది.

అద్దంలో చూస్తూ గేరు వేశాను. ఈ లెక్కన కర్నూలు చేరేలోపు ఎన్ని దీపాలు పెట్టవలసి వస్తుందో అనుకున్నాను. అరటిపళ్ళు ఇంకో డజను కొనాలి.